అమ్ముడుపోని 39 బొమ్మలు, ఆ తర్వాత ముగ్గు అచ్చులు: వరదలో మునిగిన బడి కోసం విద్యార్థుల నిధి సేకరణ - ఒక కేస్ స్టడీ

ఇది తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో ఉన్న ప్రైవేటు హైస్కూలు కేసు. 7, 8, 9 తరగతుల పిల్లలు 64 మంది తమ చేతి పనితో డబ్బు పోగుచేసి, విజయవాడ వరదలో దెబ్బతిన్న ఒక ప్రభుత్వ పాఠశాలకు సాయం చేశారు. మొదటి ప్రయత్నం దాదాపు పూర్తిగా విఫలమైంది. రెండోది పనిచేసింది. రెండింట్లోనూ పిల్లలు వాళ్లే, డ్రాయింగ్ టీచరు ఆమే, ఊరు కూడా అదే. తేడా ఎక్కడ వచ్చిందో తెలియాలంటే ప్రతి మలుపులో ఏం ఆలోచించారో చూడాలి. రెండు బడుల పేర్లు, ఊళ్లు, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాం, కొన్ని మార్చాం. లెక్కలు గుండ్రం చేసినవి.

నేపథ్యం

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు బుడమేరు వాగు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు మునిగాయి. బుడమేరు మళ్లింపు కాలువ ఇబ్రహీంపట్నం దగ్గర, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. సరిగ్గా అప్పుడే బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. కాలువ నీటికి నదిలోకి దారి లేదు. పైన బుడమేరుకు గండ్లు పడ్డాయి. దాంతో కొన్ని కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి కదలకుండా నిలిచాయి. ఈ నిలవ నీటి సంగతి ఈ కేసుకు ముఖ్యం. వచ్చి పోయిన వరదలో తడిసిన పుస్తకాన్ని ఎండబెట్టుకోవచ్చు. వారం పాటు మురుగులో నానిన పుస్తకం, చెక్క బీరువా, అట్ట పెట్టె ఇక పనికిరావు.

అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు కూడా పొంగింది. సాయం చేసిన బడిలో కొందరు పిల్లలకు రెండు చోట్లా బంధువులున్నారు. ఆలోచన మొదట పిల్లల నుంచే వచ్చింది, టీచర్ల నుంచి కాదు. మనవాళ్లకు ఇది కొత్త కూడా కాదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి వచ్చి విరాళాలు సేకరించిన సంగతి ఇప్పటికీ ఇళ్లలో చెప్పుకుంటారు. ఆపద అనగానే జోలె పట్టడం మనకు తెలిసిన పద్ధతి. ఈ పిల్లలు జోలె పట్టకుండా, ఏదైనా చేసి అమ్మి ఇద్దామన్నారు. మంచి ఆలోచనే. చిక్కంతా అమలులో వచ్చింది.

మొదటి ప్రయత్నం

సెప్టెంబరు మూడో వారంలో తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఆ రోజే బొమ్మల ప్రదర్శన పెట్టి అమ్మాలనుకున్నారు. అంశం "వరద". ఏ3 కాట్రిడ్జ్ కాగితం మీద పోస్టర్ రంగులతో 58 బొమ్మలు తయారయ్యాయి. వాటిలో 20 బొమ్మలకు ఒక్కోటి 280 రూపాయలు పెట్టి ఫ్రేము కట్టించారు. ఫ్రేము ఉన్నా లేకపోయినా ధర 500. గేటు దగ్గర ఫ్లెక్సీ, దాని మీద నడుము లోతు నీళ్లలో నిలబడ్డ ఒక పాప ఫొటో. ఆ ఫొటోను ఇంటర్నెట్ నుంచి తీసుకున్నారు. పక్కనే ఒక హుండీ.

58లో 19 అమ్ముడుపోయాయి. 9,500 వచ్చింది. ఫ్రేములకు 5,600, కాగితం, రంగులకు 1,900, ఫ్లెక్సీకి 800, మొత్తం 8,300 ఖర్చయింది. మిగిలింది 1,200 రూపాయలు. 64 మంది పిల్లల రెండు వారాల పనికి వచ్చిన ఫలితం అంతే. హుండీలో మాత్రం 6,740 పడింది. అంటే బొమ్మలు లేకుండా ఒక్క హుండీ పెట్టినా ఇంతకంటే ఎక్కువే చేతికి వచ్చేది.

ఎందుకు విఫలమైంది

డబ్బు తక్కువ రావడం అన్నిటికంటే చిన్న సమస్య. అమ్మిన 19లో 16 బొమ్మలను కొన్నది ఆ బొమ్మ వేసిన పిల్లల అమ్మానాన్నలే. బజారులో అమ్మినట్టు కనిపించినా జరిగింది వేరు. కొనగలిగిన కుటుంబం తన బిడ్డ బొమ్మను 500 పెట్టి వెనక్కి కొనుక్కుంది. కొనలేనివాళ్లు కొనలేదు. ఆ సాయంత్రం మైకులో అమ్ముడైన బొమ్మలు వేసిన పిల్లల పేర్లు చదివారు. రోజు కూలీతో ఇల్లు నడిపే ఒక తండ్రి తన కొడుకు బొమ్మ ముందు కాసేపు నిలబడి, ధర చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ అబ్బాయి పేరు మైకులో రాలేదు. సాయం పేరుతో బడి ఒక పిల్లవాడికి తన ఇంటి ఆర్థిక స్థితి అందరి ముందూ తెలిసేలా చేసింది. ఇది డబ్బు నష్టం కంటే చాలా పెద్ద తప్పు. ఈ కేసు రాయడానికి మొదటి కారణం ఇదే.

రెండోది అంశం. "వరద" అనగానే పిల్లలు టీవీలో చూసినవే వేశారు: డాబా మీద చేతులు ఊపే జనం, హెలికాప్టరు, ఏడుస్తున్న పాప. అలాంటి బొమ్మను ఇంటి గోడకు తగిలించుకోవాలని ఎవరికీ ఉండదు. కొన్నవాళ్లు జాలితో కొన్నారు, మిగతావాళ్లు తల తిప్పుకుని ముందుకు నడిచారు. బంధువుల ఇల్లు మునిగిన ఒకమ్మాయి సగం వేసి ఆపేసింది. మనసులోని భయాన్ని పిల్లలు బొమ్మగా వేయడం మంచిదే, వేయాలనిపిస్తే వేయనివ్వాలి. ఆ బొమ్మ వాళ్ల నోటు పుస్తకంలో, వాళ్లు చూపించాలనుకున్న మనిషికి చూపించేలా ఉండాలి. దానికి ధర చీటీ అంటించకూడదు.

మూడోది ఆ ఫొటో. అది ఎవరి బిడ్డో తెలియదు, ఎవరి అనుమతీ లేదు. ఫ్లెక్సీని ఎవరో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పంపారు. తర్వాత సాయం అందుకున్న బడి హెచ్‌ఎం దాకా అది చేరింది. ఆయన అన్నది ఇదీ: "ఆ పాప మా బడి పిల్ల కాదండి. కానీ రేపు మా పిల్లల ఫొటో కూడా ఇలాగే ఏదో ఊళ్లో గేటుకు వేలాడుతుంది. పెద్దయ్యాక వాళ్లు చూసుకుంటే ఎలా ఉంటుంది?"

నాలుగోది హుండీ. దానికి తాళం ఉంది, లెక్క లేదు. ఎవరు తెరిచారు, ఎవరు ఎంచారు అన్నది ఎక్కడా రాయలేదు. ఎవరూ రూపాయి తీయలేదు. అయినా మూడు రోజుల్లో గుసగుసలు మొదలయ్యాయి. డబ్బు విషయంలో నిజాయతీ ఉంటే సరిపోదు, అది కాగితం మీద కనిపించాలి.

ఇవి కాక, ఎవరూ అడగకుండానే పాత బట్టలు 11 సంచులు వచ్చి పడ్డాయి. వాటిని వేరుచేయడానికి ఇద్దరు ఆయాలకు రెండు రోజులు పట్టింది.

దారి మార్చిన ఫోన్ కాల్

ఇక్కడ బడి ముందు రెండు దారులున్నాయి. వచ్చిన 7,940 రూపాయలను ముఖ్యమంత్రి సహాయనిధికి పంపి పని ముగించడం ఒకటి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం రెండోది. మొదటిది తప్పు కాదు. చాలా బడులకు అదే సరైన దారి కూడా. ఇక్కడ రెండోదాన్ని ఎంచుకోవడానికి కారణం పిల్లలు నిరాశలో ఉండటం. సాయం చేయబోతే సిగ్గే మిగిలిందన్న భావంతో వాళ్లను వదిలేస్తే, మళ్లీ ఇలాంటి పనికి వాళ్లు ముందుకు రారు.

ఈసారి రంగు డబ్బా మూత తీయకముందే, అందుకోబోయే బడితో మాట్లాడారు. హెచ్‌ఎంను మూడు ప్రశ్నలు అడిగారు: మీకు ఇప్పటికే ఏం వచ్చింది, ఏం రాబోతోంది? ఎవరూ ఇవ్వనిది ఏమిటి? అది ఎప్పటిలోగా కావాలి?

జవాబులు ఊహించినట్టు లేవు. పాఠ్యపుస్తకాలు ప్రభుత్వం ఇస్తుంది, కొనొద్దు. నోటు పుస్తకాలు అందరూ ఇచ్చారు, ఒక గది నిండా ఉన్నాయి. పాత బట్టలు దయచేసి వద్దు. లేనివి జామెట్రీ బాక్సులు, పరీక్ష అట్టలు, స్కెచ్ బుక్కులు, క్రేయాన్లు. గ్రంథాలయం చెక్క బీరువాతో సహా పోయింది. కథల పుస్తకాలు ఎవరూ ఇవ్వడం లేదు, ఎందుకంటే అవి అత్యవసరంగా ఎవరికీ కనిపించవు. పిల్లలు మాత్రం వాటి గురించే అడుగుతున్నారు. బీరువా ఇస్తే ఇనుపది ఇవ్వండి, ఈసారి మొదటి అంతస్తులో పెట్టుకుంటామన్నారు. నవంబరు మధ్యలోగా అందితే చాలన్నారు.

దీంతో లక్ష్యం ఒక అంకెగా మారింది. 96 మంది పిల్లలకు ఒక్కొక్కరికి జామెట్రీ బాక్సు 90, పరీక్ష అట్ట 50, స్కెచ్ బుక్కు, క్రేయాన్లు కలిపి 110, అంటే 250 చొప్పున 24,000. ఇనుప బీరువా 9,500. కథల పుస్తకాలకు 12,000. మొత్తం 45,500.

"వరద బాధితులకు సాయం" అన్నప్పుడు చేయి జేబులోకి సగమే వెళ్తుంది. "96 మందికి జామెట్రీ బాక్సులు, ఒక బీరువా, దాని నిండా కథల పుస్తకాలు" అన్నప్పుడు కొనేవాళ్లు తమ 100 రూపాయలు ఎక్కడికి పోతున్నాయో చూడగలరు. రెండో విడతలో ఆర్డరు చీటీ మీద రాసింది ఈ ఒక్క వాక్యమే. ఫొటో లేదు.

ఏం తయారుచేయాలి

పెట్టుకున్న షరతులు మూడు. కొన్నవాళ్లకు ఎటూ అవసరమయ్యే వస్తువు కావాలి. దాని మీద ఏ ఒక్క పిల్లవాడి పేరూ ఉండకూడదు. ముందు ఆర్డరు, తర్వాత తయారీ.

దీపావళి అక్టోబరు 31న వచ్చింది. అందుకే ఐదు కార్డుల కట్ట 100 రూపాయలకు, అచ్చు వేసిన గుడ్డ సంచి 120కి, రంగు వేసిన నాలుగు ప్రమిదల పెట్టె 80కి పెట్టారు. టేబుల్ క్యాలెండర్ కూడా అనుకుని వదిలేశారు. ప్రెస్సులో కనీసం ఇన్ని కాపీలని అడుగుతారు, మిగిలితే జనవరి తర్వాత అవి చెత్తే.

డిజైను దగ్గర చర్చ ఎక్కువ జరిగింది. విజయవాడ పక్కనే కొండపల్లి ఉంది కాబట్టి కొండపల్లి బొమ్మల రూపాలు వేద్దామన్నారు కొందరు. చేర్యాల నకాషీ పటచిత్రాలు అన్నారు ఇంకొందరు. రెండూ వద్దనే నిర్ణయించారు. అవి భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే చట్టపరమైన గుర్తింపు) ఉన్న కళలు, వాటి మీద బతికే కుటుంబాలున్నాయి. పిల్లలు నేర్చుకోవడానికి వాటిని వేయడం వేరు, వాటి పోలికలను చవగ్గా అమ్మడం వేరు. ఒకరికి సాయం చేస్తూ ఇంకొకరి గిరాకీ తీయడం సబబు కాదు.

చివరికి ముగ్గు దగ్గర ఆగారు. ముగ్గు ఏ ఒక్కరిదీ కాదు. రెండు ఊళ్లకూ తెలుసు. పండగకు నప్పుతుంది. బొమ్మలు బాగా వేయలేని పిల్లలూ చుక్కలు కలపగలరు. ఇళ్లలో అమ్మలను, అమ్మమ్మలను, నానమ్మలను అడిగి పిల్లలు 40కి పైగా ముగ్గులు తెచ్చారు. అచ్చుకు ఐదు లేదా ఏడు చుక్కలకు మించని చిన్న ముగ్గులే పనికొస్తాయి. అంతకంటే పెద్దదైతే ఏ6 కార్డు మీద గీతలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. ముగ్గుతో ఇంకో లాభం ఉంది: చాలా ముగ్గులు అటూ ఇటూ ఒకేలా ఉంటాయి, అచ్చులో తిరగబడ్డా తేడా తెలియదు. "శుభాకాంక్షలు" అని అక్షరాలతో చేసిన మొదటి అచ్చు తలకిందులు కాలేదు గానీ, అద్దంలో చూసినట్టు వచ్చింది. అక్షరాలను చేత్తో రాయాలని అప్పుడు నిర్ణయించారు.

అచ్చు తయారీ, కార్డులు

పెడనలో కలంకారీ అచ్చులు టేకు చెక్క మీద చెక్కుతారు. అది ఏళ్ల తరబడి నేర్చిన చేతి పని, 13 ఏళ్ల పిల్లలకు ఉలి ఇచ్చి చేయించేది కాదు. ఇక్కడ చేసింది తాడు అచ్చు.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను 9 సెంటీమీటర్ల చదరంగా కోయించి అంచులకు గరుకు కాగితం పట్టించాలి. ముగ్గును పెన్సిలుతో గీసి, గీత మీద ఫెవికాల్ రాసి, 3 మిల్లీమీటర్ల నూలు తాడు అంటించాలి. ముగ్గులో గీత మీద గీత వెళ్లే చోట తాడు మీద తాడు వేయకూడదు. వేస్తే అక్కడ ఎత్తు రెట్టింపై చుట్టుపక్కల రంగే పడదు. ఒక తాడును కత్తిరించి, రెండో తాడుకు ఇరువైపులా ఆనించాలి. చుక్కల కోసం మొదట కందిబద్దలు అంటించారు. తడికి ఉబ్బి రెండో రోజుకే ఊడిపోయాయి. తర్వాత 3 మిల్లీమీటర్ల ఫోమ్ షీటును పేపర్ పంచ్‌తో కొట్టి ఆ బిళ్లలు అంటించారు. తాడు, చుక్క ఒకే ఎత్తు కావడంతో అచ్చు సమంగా పడింది.

నూలు తాడు రంగును తాగేస్తుంది. మొదటి అచ్చులు వెలిసిపోయినట్టు, తర్వాతివి ముద్దగా వస్తాయి. దీనికి మందు: ఫెవికాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి తాడు మీద రెండు పూతలు పూసి, పూత పూతకూ మధ్య నాలుగు గంటలు ఆరనివ్వాలి. అచ్చు వెనక పాత సీసా మూత అంటిస్తే అదే పిడి.

రంగు: పోస్టర్ రంగు నాలుగు వంతులు, ఫెవికాల్ ఒక వంతు. ఫెవికాల్ లేకపోతే ఆరాక రంగు పొడిగా వేలికి అంటుతుంది. ఒక వంతుకు మించితే కార్డులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అచ్చును రంగు గిన్నెలో ముంచకూడదు. పళ్లెంలో పలచని స్పాంజి, దాని మీద తడిపి పిండిన పాత నూలు గుడ్డ రెండు మడతలు వేసి, ఆ గద్దె మీద రంగు పరిచి అద్దాలి. ప్రతి పది అచ్చులకు ఒకసారి తడి గుడ్డతో తుడవాలి.

కాగితం 300 జీఎస్ఎం ఐవరీ షీటు. ఏ4ను రెండుగా కోసి, మడిస్తే ఏ6 కార్డు. ఇంత మందం కాగితాన్ని నేరుగా మడిస్తే మడత పగిలి తెల్లగా లేస్తుంది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్టీలు స్కేలు ఆనించి ముందు గాడి గీసి, ఆ తర్వాత మడవాలి. అచ్చు వేశాక తాడుకు క్లిప్పులతో తగిలించి రాత్రంతా వదిలేయాలి. ఒక సాయంత్రం తొందరపడి పేర్చేస్తే 70 కార్డులు అంటుకుని పోయాయి. మొత్తం పాడైనవి 110.

సంచులు, ప్రమిదలు

కొత్త గుడ్డ సంచికి గంజి ఉంటుంది. మొదటి పది సంచులను ఉతకకుండానే ఫాబ్రిక్ రంగుతో అచ్చు వేశారు. పరీక్షకు ఒకటి ఉతికితే రంగు పొరలుగా లేచింది. పదీ పోయాయి. మిగతా వాటిని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే అచ్చు వేశారు. సంచి లోపల అట్ట పెట్టకపోతే రంగు వెనక్కి దిగుతుంది. న్యూస్‌పేపర్ పెడితే దాని ఇంకు గుడ్డకు అంటుతుంది. పాలిథిన్ చుట్టిన అట్ట సరైనది. రెండు రోజులు ఆరాక లోపలి వైపు నుంచి, ఆవిరి లేకుండా వేడి ఇస్త్రీ మూడు నాలుగు నిమిషాలు. ఇస్త్రీ పెద్దవాళ్లే చేశారు.

ప్రమిదలు ఊళ్లోని కుమ్మరి దగ్గర కొన్నారు. రంగు బయటి వైపే వేయాలి. లోపల, ఒత్తి ఆనే మూతి దగ్గర రంగుగానీ వార్నిష్‌గానీ తగలకూడదు, అక్కడ మంట ఉంటుంది. పెట్టెల్లో కాగితం చుట్టి ఒకదానిపై ఒకటి పేరిస్తే 30 పెట్టెల సరుకు పగిలింది. వరిగడ్డి పరిచి పక్కపక్కనే పెట్టాక పగలడం ఆగింది.

పిల్లల సమయాన్ని కూడా లెక్కలో వేసి చూస్తే ప్రమిదలు తప్పు ఎంపిక. ఒక పెట్టెకు ఒక పిల్లవాడికి 40 నిమిషాలు పట్టి, మిగిలింది 52 రూపాయలు. అంటే గంటకు 78. ఇద్దరు కలిసి గంటకు 40 కార్డులు అచ్చు వేశారు. కట్టకు 66 మిగిలింది. పిల్లవాడి గంటకు 264 అన్నమాట. సంచులైతే ఇద్దరికి గంటకు పన్నెండు, ఒక్కోటికి 58 చొప్పున పిల్లవాడి గంటకు 348. వస్తువు మీద ఎంత మిగులుతుందని మాత్రమే చూస్తే ఈ తేడా కనబడదు. పని డ్రాయింగ్ పీరియడ్లలో, శనివారం రెండు గంటల్లో మాత్రమే చేయించారు. అక్టోబరు మొదటి పక్షం దసరా సెలవులకు పోయింది. అంత తక్కువ సమయంలో ప్రమిదలు సగం తిన్నాయి. మళ్లీ చేస్తే వాటిని తీసేసి సంచులు పెంచాలన్నది మా అభిప్రాయం. డ్రాయింగ్ టీచరు ఒప్పుకోలేదు. బ్రష్షుతో తీరిగ్గా కూర్చునే పని అదొక్కటే, కొందరు పిల్లలు దానికోసమే వచ్చారని ఆమె వాదన. అదీ కొట్టిపారేయదగింది కాదు.

డబ్బు

పిల్లలను వీధుల్లోకి పంపలేదు. ఆర్డర్లు ఇంటివాళ్ల ద్వారా, టీచర్ల ద్వారానే తీసుకున్నారు. ఎవరు ఎన్ని తెచ్చారన్న పట్టిక ఎక్కడా పెట్టలేదు. అసలు తేనివాళ్లూ అచ్చు దగ్గర సమానంగా కూర్చున్నారు.

ఆర్డర్లు: కార్డులు 260 కట్టలు, సంచులు 190, ప్రమిదలు 240 పెట్టెలు. విలువ 68,000. సగం ముందే తీసుకున్నారు, 34,000. సరుకు ఖర్చు 27,340, ఆ అడ్వాన్సులోనే సరిపోయింది. బడి గానీ టీచరు గానీ చేతి డబ్బు పెట్టలేదు. ఖర్చు పోను 40,660. పాడైన కార్డులు, సంచులు, పగిలిన ప్రమిదల నష్టం 1,850 తీసేస్తే 38,810. మొదటి విడత మిగులు, హుండీ డబ్బు 7,940 కలిపితే 46,750.

రసీదు పుస్తకానికి వరస నంబర్లు. రోజూ ఇద్దరు పెద్దలు, ఒక విద్యార్థి కలిసి ఎంచి ముగ్గురూ సంతకం. యూపీఐ క్యూఆర్ కోడ్ బడి ఖాతాదే. మొదట ఒక టీచరు తన సొంత ఫోను నంబరు ఇవ్వబోతే ఆపారు, ఆమె మీద నమ్మకం లేక కాదు, ఆమెను కాపాడటానికే. మొదటి విడత హుండీ లెక్కను కూడా "ఇద్దరు సాక్షులు లేకుండా తెరిచారు" అన్న మాటతో సహా నోటీసు బోర్డులో పెట్టారు. గుసగుసలు ఆగింది అప్పుడే.

రెండు చట్టపు ప్రశ్నలు వచ్చాయి, ప్రతి బడికీ వస్తాయి. ఒకటి 80జీ రసీదు, అంటే అప్పటి ఆదాయపు పన్ను చట్టం కింద విరాళానికి పన్ను మినహాయింపు కోసం ఇచ్చే రసీదు. కార్డు కొన్న 100 రూపాయలు విరాళం కాదు, కొనుగోలు. దానికి 80జీ రసీదు ఇవ్వకూడదు. విరాళమే అయినా వస్తురూపంలో ఇస్తే మినహాయింపు లేదు, నగదు 2,000 దాటితే లేదు.

రెండోది అమెరికాలో ఉన్న మేనమామలు, బాబాయిలు. ఒకాయన 500 డాలర్లు పంపుతానన్నారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం, భారత పౌరసత్వం ఉన్నవాళ్లు విదేశంలో ఉన్నా తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని బడి దాన్ని తీసుకోకూడదు. ఆయన అక్కడి పౌరులు. "అక్కయ్య ఖాతాకు పంపుతా, ఆమె బడికి ఇస్తుంది" అన్నారు. ప్రేమతో అన్న మాటే, కానీ అది చట్టం చుట్టూ తిరిగే దారి. ఒప్పుకోలేదు. ఆ అనుమతి ఉన్న సంస్థకు నేరుగా ఇమ్మని చెప్పారు. నిధి సేకరణ మొదలవకముందే ఈ సంగతి తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెడితే తర్వాత మొహమాటపడే పని ఉండదు.

అందజేత

బీరువా, సామాను విజయవాడలోనే కొన్నారు. రవాణా ఖర్చు మిగిలింది, వరదతో దెబ్బతిన్న ఊళ్లోని దుకాణాలకే బేరం వెళ్లింది. బిల్లు సాయం అందుకున్న బడి పేరు మీద, చెల్లింపు సాయం చేసిన బడి ఖాతా నుంచి నేరుగా దుకాణానికి. కథల పుస్తకాల జాబితాను ఆ బడి పిల్లలే ఎంచారు.

సభ పెట్టలేదు. పిల్లలను వరసలో నిలబెట్టి చేతికి అందిస్తూ ఫొటోలు తీయలేదు. హెచ్‌ఎం, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఎదుట సామాను లెక్కచూసుకుని సంతకాలు పెట్టారు. తర్వాత తరగతి టీచర్లు మామూలు రోజున మామూలుగా పంచారు. సాయం చేసిన బడిలో కొందరు తల్లిదండ్రులకు ఇది నచ్చలేదు, కనీసం ఒక ఫొటో అయినా కావాలన్నారు. బీరువా ఫొటో పంపారు.

మిగిలిన 1,250 రూపాయలు ఏం చేయాలని అడిగితే, ఆ బడి పిల్లలు ముగ్గు అచ్చులు ఎలా చేశారో నేర్పమన్నారు. ఆ డబ్బుతో తాడు, ప్లైవుడ్ ముక్కలు, ఫోమ్ షీట్లు, రంగులు కొని, నాలుగు తయారైన అచ్చులతో కలిపి పంపారు. వాళ్లు చేసుకున్న అచ్చుల్లో రెండు ముగ్గులు ఇక్కడి పిల్లలు ఎప్పుడూ చూడనివి. వాటి చుక్కల లెక్క రాసి పంపారు.

ఇక్కడ మిగిలిన అచ్చుల్లో 22 మళ్లీ పనికొస్తాయి. వాటిని తడి గుడ్డతో తుడిచి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, తాడు పైకి ఉండేలా ఒక్క వరసలో పేర్చి, చెదలు పట్టకుండా వేపాకు వేసి ఇనుప పెట్టెలో పెట్టారు. పెట్టె మూత లోపలి వైపు రంగు పాళ్లు, గంటల లెక్క, హెచ్‌ఎంను అడగాల్సిన మూడు ప్రశ్నలు రాసి అంటించారు.